ఆవిరి ఇంజను నమూనాపై అక్షరములు

మా పాఠశాల చేతిపనుల తరగతిలో బాలబాలికలు ఆవిరి రైలు ఇంజను నమూనాలను మెఱుగుపఱచి, వానిపై క్రొత్త అక్షరములు వ్రాయుచున్నారు. ఇది వట్టి బొమ్మలాట కాదని తలిదండ్రులకు మనవి చేయుచున్నాము.

ముందుగా సంవత్సరమును నిర్ణయింపవలెను. మద్రాసు నుండి బెజవాడకు పోవు మార్గమును ఒకప్పుడు, 1908లో ఏర్పడిన మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే నడిపెను. 1951 ఏప్రిల్ 14న అదియు, సౌత్ ఇండియన్ రైల్వేయు, మైసూరు రైల్వేయు కలిసి దక్షిణ రైల్వే ఆయెను. కావున 1940 నాటి ఇంజనుపై ‘ఎస్. ఆర్.’ అని వ్రాసినచో అబద్ధమగును. ఇంగ్లండులోను 1923 మొదలు 1947 వఱకు సదరన్ రైల్వే యను సంస్థ యుండెను. ఆ పేరుతో అంగడిలో దొరకు విదేశపు బొమ్మను చూచి మనదే యని మురియరాదు!

పిమ్మట లెక్క. నమూనా అసలులో 87వ వంతైనచో, అడుగు ఎత్తుగల అక్షరము మూడున్నర మిల్లీమీటర్లకు దిగును. దీనిని పిల్లలే కట్టుదురు.

పాత అక్షరములను స్పిరిటులో తడిపిన దూదితో మెల్లగా తుడువవలెను. రంగు ఊడునో లేదో కనబడని చోట చూడనిదే టెండరు ప్రక్కను ముట్టరాదు. స్పిరిటు మండునది, పెద్దలు దగ్గఱ నుండవలెను. చేతిపట్టు కమ్ములకు సన్నని ఇత్తడి తీగ చాలును. తీగ అమర్చి, రంగు వేసి, అది బాగుగా ఆరిన పిదపనే అక్షరములు.

మీ యిండ్లలో రైల్వే కొలువు చేసిన తాతల నాటి ఛాయాచిత్రములున్నచో, సంవత్సరము తెలిపి పంపుడు. ఇంజను ప్రక్కనున్న అక్షరములు కనబడినచో మరింత మేలు. ప్రతి తీసికొని భద్రముగా మరల పంపెదము.