సొంతంగా మార్కెటింగ్ నేర్చుకునేవారికి: చేయవలసినవి - చేయకూడనివి

మంగినపూడి తీరం చుట్టుపక్కల, బందరు (మచిలీపట్నం) నుంచి గుడివాడ దాకా, అటు దివిసీమ లంకల దాకా సరుకుకు లోటు లేదు. ఎండు రొయ్యలు, తొక్కుడు లడ్డు, పెడన కలంకారీ, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు... వీటిని ఫోన్లో అమ్ముకుందామని బయలుదేరే ఆడవాళ్లు, చదువు ముగించిన కుర్రాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్లు దొరకరు కాబట్టి చాలామంది సొంతంగానే నేర్చుకుంటారు. అది మంచి దారే. కాకపోతే ఆ దారిలో డబ్బు పోయే చోట్లున్నాయి, పేరు పోయే చోట్లున్నాయి. రీలు కోసం అలల్లోకి దిగితే ప్రాణానికే ముప్పు. ఆ చోట్లు ఎక్కడెక్కడో ముందే తెలిసుండాలి.

మొదట సరుకు, తర్వాతే ఫోను

బందరు చేపల మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లి ఒక మూల నిలబడి చూడండి. కొనేవాడు "తాజాదేనా?" అని అడిగేలోపే అమ్మే ఆవిడ మొప్ప ఎత్తి ఎర్రదనం చూపిస్తుంది. బొటనవేలితో చేప ఒళ్లు నొక్కుతుంది. గుంట పడకుండా కండ మళ్లీ పైకి లేస్తుంది. గొప్పలు ఒక్కటీ చెప్పదు. కొనేవాడి అనుమానం ఏమిటో ముందే కనిపెట్టి, దానికి రుజువు కళ్లెదుట పెడుతుంది. మార్కెటింగ్‌లో మొదటి పాఠం ఇదేనని నా గట్టి నమ్మకం. ఏ కోర్సులో చేరినా తిరిగి తిరిగి చివరికి ఇక్కడికే వస్తారు.

చేయవలసింది: అమ్మబోయే సరుకు ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరి దాకా మీ కళ్లతో చూడండి. లడ్డునే తీసుకోండి. శనగపిండిని పూసలా వండుతారు, దంచుతారు, జల్లిస్తారు, బెల్లం పాకం పోసి నెయ్యితో మళ్లీ రోట్లో దంచుతారు. ఆ రెండో దంచుడు చూసినవాడికి ఈ లడ్డు నాలుక మీద పలుకు లేకుండా ఎందుకు కరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోకలి పోటు అర నిమిషం వీడియో తీసి పెడితే, 'అద్భుతమైన రుచి' అన్న మాటతో పనే ఉండదు.

చేయకూడనిది: ఇంకొకరి ఫొటో తీసుకొచ్చి మీ సరుకుదని పెట్టకండి. ఫొటోలో మెరిసింది పార్సిల్లో రాకపోతే ఆ మనిషి మళ్లీ కొనడు, పైగా పదిమందికి చెబుతాడు.

మాటకు హద్దు

పెడనలో కలంకారీ అంటే కర్ర అచ్చులతో, సహజ రంగులతో చేసే అద్దకం. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెడతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో ఊరబెడతారు, ఎరుపుకు పటిక వాడతారు. ఒక్కో రంగు మధ్య ఉతుకు, ఎండ. అదే డిజైన్ను స్క్రీన్ ప్రింటులో వేసి 'అచ్చు కలంకారీ' అని అమ్మేవాళ్లూ ఉన్నారు. స్క్రీన్ ప్రింటు అమ్మడం తప్పు కాదు, ఆ ధరకు ఆ గుడ్డ కావాలనుకునేవాళ్లు ఉంటారు. దాన్ని అచ్చు అద్దకం అనడమే తప్పు. 1611లో ఇంగ్లీషు వర్తకులు బందరులో కోఠీ పెట్టుకున్నది ముఖ్యంగా ఇలాంటి అద్దకం గుడ్డల కోసమే. అంత పాత పేరును అబద్ధానికి వాడితే పోయేది మీ ఒక్కరి పరువే కాదు, అచ్చు కొట్టే ప్రతి కుటుంబం కూడూ పోతుంది.

ఈ అద్దకానికి మచిలీపట్నం కలంకారీ పేరుతోనూ, 2017లో బందరు తొక్కుడు లడ్డుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ముద్రను ఎవరంటే వాళ్లు పెట్టె మీద అచ్చు వేసుకోవడానికి లేదు. అధీకృత వాడుకరిగా నమోదైనవాళ్లకే ఆ హక్కు. నమోదు లేనివాళ్లు ముందు స్థానిక తయారీదారుల సంఘాన్ని కలిసి పద్ధతి కనుక్కోండి. రోల్డ్‌గోల్డ్‌ను రోల్డ్‌గోల్డ్ అనే రాయండి. పక్కన 'బంగారం' అని పెద్దక్షరాలు పెట్టి అసలు మాటను మూలన చిన్నగా దాచడం మోసమే.

తినే సరుకైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు తప్పనిసరి. ఇంట్లో చేసి అమ్మే చిన్న వ్యాపారులకు పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. దాంతోపాటు తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, పన్నులన్నీ కలిపిన ధర, ప్యాక్ చేసిన తేదీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు కూడా. ఎండు చేప తింటే ఫలానా జబ్బు పోతుందని ఎవరో పంపిన మెసేజ్‌ను మీ ప్రకటనలో పెట్టకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. డబ్బు తీసుకుని, లేదా ఉచితంగా సరుకు తీసుకుని రీలు చేసేవాళ్లు అది ప్రకటన అని చూసేవాళ్లకు తెలిసేలా చెప్పాలి.

నేర్చుకునే తీరు

'నెల రోజుల్లో మార్కెటింగ్ నిపుణులు కండి, ఉద్యోగం గ్యారంటీ' అన్నవాళ్లకు ముందే ఫీజు కట్టకండి. గూగుల్ స్కిల్‌షాప్, మెటా బ్లూప్రింట్, హబ్‌స్పాట్ అకాడమీల్లో పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. ఇంగ్లీషు కష్టమైతే తెలుగు యూట్యూబ్ వీడియోలతో మొదలుపెట్టండి. అయితే ఒక నియమం పెట్టుకోండి: ఒక పాఠం చూశాక, దాన్ని మీ సరుకు మీద ప్రయోగించేదాకా రెండోది చూడవద్దు. చూడటమే నేర్చుకోవడం అనుకుని నెలలు గడిపేవాళ్లు ఎక్కువ.

1923లో, అంటే బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఏడాదే, అమెరికాలో క్లాడ్ హాప్‌కిన్స్ 'సైంటిఫిక్ అడ్వర్టైజింగ్' అనే చిన్న పుస్తకం వేశాడు. ప్రకటనలో కూపన్ పెట్టి, ఏ ప్రకటనకు ఎన్ని కూపన్లు తిరిగొచ్చాయో లెక్కపెట్టి, ఏది పనిచేసిందో తేల్చడం ఆయన పద్ధతి. వందేళ్లు దాటినా దీన్ని మించిన గురువు లేడు. మీరు వాట్సాప్‌లోనే చేయొచ్చు. ఒకే లడ్డు, ఒకే ధర, ఒకే సాయంత్రం. సగం మందికి రోట్లో దంచుతున్న ఫొటో, మిగతా సగానికి పెట్టె ఫొటో పంపండి. మొదటి ఫొటో కింద "ఆర్డరు చెప్పేటప్పుడు 'రోలు' అనండి" అని, రెండోదాని కింద "'పెట్టె' అనండి" అని రాయండి. ఏ మాట ఎక్కువసార్లు వినబడిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫొటో, ధర, సమయం మూడూ ఒకేసారి మార్చకండి. అలా మారిస్తే అమ్మకం ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో ఎప్పటికీ తెలియదు. ఒక్కసారి గెలిచిన ఫొటోను పట్టుకుని కూర్చోనూ వద్దు. పండగ రోజుల్లో పనిచేసింది మామూలు రోజుల్లో పనిచేయకపోవచ్చు.

ఆ నోట్‌బుక్‌లో లైకులు రాయకండి. ఎవరు అడిగారు, ఏం అడిగారు, కొన్నారా, రెండోసారి వచ్చారా: ఇవి చాలు. కొననివాళ్లు అడిగిన ప్రశ్నలే మీ తర్వాతి ప్రకటనలు. "ఎన్నాళ్లు నిలవుంటుంది?" అని పదే పదే అడుగుతుంటే, రేపటి ఫొటో మీద మొదటి మాట అదే కావాలి.

డబ్బు, ఫోను

డబ్బు పెట్టి ప్రకటన ఇచ్చేటప్పుడు రోజుకు ఇంత అని పరిమితి, ఫలానా తేదీకి ఆగాలని గడువు, రెండూ పెట్టండి. పోయినా ఇల్లు గడిచేంత డబ్బే పెట్టండి. డ్వాక్రా అప్పు తెచ్చి ప్రకటనల మీద పోయవద్దు. ప్రకటనల ఖాతాకు జీతమో పొదుపో ఉన్న బ్యాంకు కార్డు కలపకుండా, కొద్ది మొత్తం ఉంచిన వేరే ఖాతా వాడండి. పేజీకి రెండంచెల భద్రత పెట్టుకోండి. 'మీ పేజీ మూసేస్తున్నాం, ఈ లింకులో లాగిన్ కండి' అని మెసేజ్ వస్తే, అది కంపెనీ పేరుతో వచ్చినా నొక్కకండి.

కొత్తవాళ్ల మీదే విరుచుకుపడే మోసం ఇంకొకటుంది. ఆర్మీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నామంటారు, ఒకేసారి పెద్ద ఆర్డరిస్తారు, యూనిఫాంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు పంపుతారు. అడ్వాన్సు వేయడానికని క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు. మొదటి పెద్ద ఆర్డరు వచ్చిన సంతోషంలో అడుగు తప్పేది అక్కడే. డబ్బు మనకు రావడానికి స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ను కొట్టనక్కర్లేదు. పిన్ను అడిగిందంటే డబ్బు మన ఖాతా నుంచి పోతోందనే అర్థం. అలాగే చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ పంపితే నమ్మి సరుకు కట్టకండి. బ్యాంకు ఖాతాలో జమ కనిపించాకే పార్సిల్ కదలాలి.

కనబడ్డ నంబర్లన్నిటినీ అడగకుండా వాట్సాప్ గ్రూపులో చేర్చకండి. అలా చేరినవాళ్లు ఫిర్యాదు చేస్తే మీ నంబరే ఆగిపోవచ్చు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. అందులో సరుకుల పట్టిక పెట్టుకుని, మీ నంబరు దాచుకున్నవాళ్లకు బ్రాడ్‌కాస్ట్ పంపండి. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు పేజీ మీద ఇంటి గుర్తులు, ఇంట్లో ఎవరెప్పుడు ఉంటారో తెలిసే వీడియోలు పెట్టవద్దు. వ్యాపారానికి వేరే నంబరు తీసుకోండి.

తీరంలో రీలు

2025 జూన్‌లో మసులా బీచ్ ఫెస్టివల్ జరిగాక మంగినపూడిలో వీడియోలు తీసేవాళ్లు ఇంకా పెరిగారు. సరుకును సముద్రం ముందు పెట్టి తీయాలన్న ఆశ సహజం. అయితే సముద్రానికి వీపు పెట్టి నీళ్లలో నిలబడకండి. ఇక్కడి నేల నల్లమట్టి. వెనక్కి పోయే అలకు కాలి కింద జారితే చేతిలో ఫోను, మెడలో నగలు ఉన్న మనిషి తట్టుకోవడం కష్టం. కెమెరా పట్టుకున్నవాళ్లు కాక, అలల మీదే చూపు పెట్టే మనిషి ఇంకొకరు గట్టున ఉండాలి. పోలీసులు, గజ ఈతగాళ్లు వద్దన్న చోటికి, వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజున అసలే వెళ్లవద్దు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన పెద్దవాళ్లు దివిసీమలో ఇంకా ఉన్నారు. సముద్రం సంగతి వాళ్లనడగండి.

కార్తీక పౌర్ణమి నాడు స్నానాలు చేసే ఆడవాళ్లను తీయకండి. వలలు లాగే మత్స్యకారులను, రొయ్యలు ఆరబోసే ఆవిడను తీయాలంటే ముందు అడగండి. ఆ ముఖం మీ అమ్మకానికి పనికొస్తే దానికి డబ్బివ్వడం న్యాయం. రొయ్యలు వల మీదో బల్ల మీదో శుభ్రంగా ఆరితేనే ఆ వీడియో పెట్టండి. రోడ్డు పక్క ఆరబోసినవి పెట్టి 'శుభ్రం' అని రాయవద్దు.

మోసపోతే

సిగ్గుపడి ఒక పూట కూడా ఆగవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. మీ బ్యాంకుకూ చెప్పండి. డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపడానికి వీలుంటుంది, చేతులు మారాక కష్టం. లావాదేవీ నంబరు, సమయం, ఎంత పోయింది, అవతలివాళ్ల ఫోన్ నంబరు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. కోపంలో ఆ చాట్ చెరిపేయకండి.