భారీ పాములన్నీ వేడి దేశాల్లోనే ఎందుకు?

ప్రశ్న: మా మెటియాబ్రుజ్‌లో అవధ్ నవాబు వాజిద్ అలీ షా పాములను పెంచేవారట. చలిదేశాల జంతువులు పెద్దవిగా ఉంటాయంటారు కదా, మరి భారీ పాములు వేడి ప్రాంతాల్లోనే ఎందుకుంటాయి?
– ఒక పాఠకుడు, కోల్‌కతా

జవాబు: పెంచిన మాట నిజమే. 1856లో కలకత్తా చేరి 1887లో మరణించిన ఆ నవాబు జంతుశాలలో, చుట్టూ గోడ కట్టి మధ్యలో కృత్రిమ కొండ నిలిపారనీ, అక్కడ పాములు కప్పలను వేటాడేవనీ ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ రాశారు.

మీరు విన్నది 1847లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బెర్గ్‌మన్ చెప్పిన సూత్రం. అది ముఖ్యంగా పక్షులు, క్షీరదాలకు సంబంధించినది. ఒళ్లు పెద్దదైన కొద్దీ, బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం తగ్గుతుంది. లోపల పుట్టిన వేడి నిలుస్తుంది.

కానీ పాముకు వేడి ఎండ నుంచి, నేల నుంచి రావాలి. భారీ ఒళ్లు వెచ్చబడటానికి చాలాసేపు పడుతుంది. పైగా చలిదేశంలో తిని పెరిగే కాలం తక్కువ. అందుకే ఆర్కిటిక్ వలయం దాటి బతికే యూరప్ అడ్డర్ పాము రెండు మూడు అడుగులు మించడం అరుదు. ఆగ్నేయాసియా కొండచిలువ 6 మీటర్లు దాటగలదు. సుమారు 6 కోట్ల ఏళ్ల నాటి కొలంబియా పాము టైటనోబోవా పొడవు దాదాపు 13 మీటర్లని అంచనా.

అలాగని చల్లని నెత్తురు జీవులన్నిటికీ ఇదే లెక్క కాదు. పండ్ల ఈగలను 25 డిగ్రీల్లో కంటే 18 డిగ్రీల్లో పెంచితే, నెమ్మదిగా ఎదిగినా పెద్దవవుతాయి. ఇలాంటి జీవుల్లో అధిక శాతం ఇదే తీరని 1994లో జీవశాస్త్రవేత్త డేవిడ్ అట్కిన్సన్ చూపారు. కాబట్టి అక్షాంశం ఒక్కటే చూసి జీవి పరిమాణాన్ని ఊహించకండి. దానికి వేడి ఎక్కడిది, పెరిగే కాలమెంత అన్నవీ చూడండి.