ఇన్సులిన్: సీసా ఒకటి, సిరంజి ఒకటి కాకూడదు



మన నర్సింగ్ స్కూలు పిల్లలు పరీక్షలకు చదువుకుంటున్న రోజులివి. ఫార్మకాలజీ, అనగా మందుల శాస్త్రం, వారికి కొంచెం భయం. పేర్లు బట్టీ పడితే చాలుననుకుంటారు. అందుకే మేము బల్ల మీద రెండు ఇన్సులిన్ సీసాలు, రెండు సిరంజిలు పెట్టి, "20 యూనిట్లు తీయండమ్మా" అంటాం. ఇంట్లో ఇన్సులిన్ చేసుకునేవారికి కూడా ఈ పాఠం అవసరం కనుక మీకూ చెబుతున్నాం.

ఇన్సులిన్‌ను 1921లో కెనడాలోని టొరంటోలో కనుగొన్నారు. 1922 జనవరిలో 14 ఏళ్ల బాలునికి మొదట ఇచ్చారు. ఎందరినో బ్రతికించిన ఈ మందే, కొలత తప్పితే ప్రాణం మీదికి తెస్తుంది.

రెండు బలాలు

మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా 40 బలం. అంటే 1 మి.లీ.లో 40 యూనిట్లు. పెన్నులో వేసే ఇన్సులిన్, కొన్ని రకాల సీసాలు 100 బలం. అంటే 1 మి.లీ.లో 100 యూనిట్లు. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి వాడాలి.

ఎర్ర మూత సిరంజిలో 20 గీత అంటే అర మి.లీ. అందులోకి 100 బలం మందు తీస్తే 20 కాదు, 50 యూనిట్లు వెళ్తాయి. నారింజ మూత సిరంజిలో 20 గీత వరకు 40 బలం మందు తీస్తే 8 యూనిట్లే వెళ్తాయి. మొదటి తప్పులో షుగర్ పడిపోతుంది, రెండవ దానిలో పెరిగిపోతుంది.

ఒకసారి ఒక పెద్దాయనను స్పృహ లేకుండా తెచ్చారు. పట్నంలోని కొడుకు ప్రేమతో కొత్త సీసా పంపాడు. అది 100 బలం. ఇంట్లో ఉన్నది పాత ఎర్ర మూత సిరంజి. "ఇరవై గీత వరకే తీశామమ్మా" అని భార్య ఏడ్చింది. ఆమె తప్పు లేదు. డిశ్చార్జి రోజున గీత చూపించి పంపింది మేమే, సీసా మీద అంకె చదవడం నేర్పలేదు. దేవుని దయవలన ఆయన కోలుకున్నారు. అప్పటినుండి మా పిల్లలకు "గీత చెప్పవద్దు, యూనిట్లు, సీసా బలం చెప్పండి" అని నేర్పుతున్నాం.

ఇంట్లో గుర్తుంచుకోండి

1. కొత్త సీసా కొన్న ప్రతిసారీ పేరు, 40 లేక 100 అనే అంకె, గడువు తేదీ చదవండి. చదవడం రాకపోతే పిల్లల చేత చదివించండి.
2. సీసా మారితే సిరంజి సంగతి కూడా మా నర్సును అడగండి.
3. తెల్లగా మబ్బుగా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి, గట్టిగా కుదపవద్దు.
4. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో ఉంచండి, ఐసు గడ్డకట్టే అరలో పెట్టవద్దు. గడ్డకట్టిన మందు పనికిరాదు.
5. ఇంజక్షను చేసుకుని భోజనం మానవద్దు. ఉపవాస ప్రార్థన ఉంటే ముందుగా డాక్టరుగారితో మాట్లాడండి.

షుగర్ పడిపోతే

చెమటలు, వణుకు, ఆకలి, గుండెదడ, తికమక మాటలు దీని గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార లేక గ్లూకోజ్ నీళ్లలో కలిపి త్రాగించండి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

పరీక్షలో తప్పు చేస్తే మా పిల్లలకు ఒక మార్కు పోతుంది. ఇంట్లో తప్పు జరిగితే మనిషే పోవచ్చు. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ సీసా, సిరంజి రెండూ తీసుకురండి, కలిసి చూద్దాం. పరీక్షలు వ్రాస్తున్న మన పిల్లల కొరకు కూడా ప్రార్థించండి. ప్రభువు మీ ఇంటివారందరికీ ఆరోగ్యము దయచేయును గాక.