పాత ఫొటోలకూ కేవైసీ

ఖాతాదారులను రోజూ కేవైసీ అడిగే మనం, ఇంట్లో ట్రంకుపెట్టెలోని ఫొటోల్లో ఉన్నవాళ్లెవరో కనుక్కోం. మా మేనత్తకు 86 ఏళ్లు. ఆ ముఖాలను గుర్తుపట్టేది ఇక ఆవిడొక్కరే. అందుకే సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కలిసి పని మొదలుపెట్టాను. పాప ఫొటో చూపిస్తుంది, బాబు ఫోన్‌లో మాటలు రికార్డు చేస్తాడు, నేను వెనకవైపు అంచున పేరు, వరస, ఊరు మెత్తటి పెన్సిల్‌తో రాస్తాను. బాల్‌పెన్ను వద్దు, నొక్కు ముందువైపు తేలుతుంది, సిరా పక్క ఫొటోకు అంటుతుంది. జిగురు పేజీల ఆల్బమ్ అంతకన్నా చేటు.

“వీరెవరు అత్తయ్యా?” అంటే ఒక్క పేరు చెప్పి ఊరుకుంటారు. “ఆ పెళ్లిలో ఏం వడ్డించారు?” అనాలి, అరగంట చెబుతారు. 40 ఫొటోలయ్యాయి, ఇంకా 150 ఉన్నాయి. ఉగాదికి మళ్లీ సెలవు పెట్టాను.