ఖోఖోకు పత్రిక పెడితే నిలబడుతుందా?

ప్రశ్న: ఖోఖో కోసం తెలుగులో మాసపత్రిక పెట్టాలనుకుంటున్నాం. నడపగలమా? – ఒక పీఈటీ

జవాబు: స్టాళ్లను నమ్ముకుంటే కష్టం. అమ్ముడుపోని కాపీలు తిరిగొచ్చి కాగితం ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ఏడాది చందాలు ముందే కట్టించుకుని, అందుకు తగ్గట్టే అచ్చు వేయించండి. టైటిల్‌కూ రిజిస్ట్రేషన్‌కూ 2023 నాటి చట్టం ప్రకారం ప్రెస్ సేవా పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. రిజిస్ట్రేషన్ లేకుండా తపాలా రాయితీ రాదు.

అసలు చిక్కు మేటర్‌తోనే. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ప్రపంచ కప్‌ను మన పురుషులు, మహిళలు గెలిచినప్పుడు దినపత్రికలూ రాశాయి. జిల్లా పోటీలను పట్టించుకునేదెవరు? మీరే రాయాలి. స్కోరుతో సరిపెట్టకండి. చేజర్ చెయ్యి అందేలోపు రన్నర్ పోల్ దగ్గర ఒడుపుగా ఎలా మళ్లిందో వరస ఫొటోలతో చూపండి. కోచ్‌లు దాచుకునే పేజీ అదే. మూడు సంచికల మేటర్ చేతిలో ఉన్నాకే మొదటిది ప్రెస్సుకు పంపండి.