మంచి కొలెస్ట్రాలును పెంచు మాత్ర

ప్రశ్న: అయ్యా, మాది ప్రొద్దుటూరు. రక్తపరీక్షలో హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాలు) 34, ట్రైగ్లిజరైడులు 260 అని వచ్చినవి. హెచ్‌డీఎల్‌ను పెంచు మాత్రలు గలవా?

జవాబు: మన రక్తమునందు సీఈటీపీ యను మాంసకృత్తు ఒకటి కలదు, అది హెచ్‌డీఎల్ కణములలోని కొలెస్ట్రాలును ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ కణములకు చేరవేసి, మారుగా ట్రైగ్లిజరైడును తెచ్చి హెచ్‌డీఎల్‌లో నింపుచు, మండీలోని దళారివలె నిరంతరము సరకు మార్చుచుండును. ఈ మాంసకృత్తు జన్మతః లోపించిన కొన్ని జపాను కుటుంబములలో హెచ్‌డీఎల్ మిక్కుటముగా నుండుట గాంచి, దీని నరికట్టినచో హృద్రోగము తగ్గునని శాస్త్రజ్ఞులు తలపోసిరి. తలపోత యుక్తమే, ఫలితము మాత్రము తలక్రిందులైనది. సీఈటీపీ నరికట్టు టార్సెట్రాపిబ్ అను మందు హెచ్‌డీఎల్‌ను సుమారు 72 శాతము పెంచినను, 15,000 మందిపై జరిగిన పరీక్షలో దానిని పుచ్చుకొన్నవారియందే మరణములు హెచ్చుటచే, 2006 డిసెంబరులో పరీక్షను అర్ధాంతరముగా నిలిపివేసిరి. 2017లో అట్టిదే యగు అనాసెట్రాపిబ్ కొంత మేలు చేసినదిగాని, ఆ మేలు చెడు కొలెస్ట్రాలు (ఎల్‌డీఎల్) తగ్గుటవలననే కలిగినదని పెక్కుర యభిప్రాయము.

మీ విషయమున ట్రైగ్లిజరైడులే ముఖ్యము. అవి హెచ్చినకొలది సీఈటీపీ చేయు ఆ మారకము ముమ్మరమై, హెచ్‌డీఎల్ త్వరగా నశించును. ట్రైగ్లిజరైడులు హెచ్చినందుకు నిందింపవలసినది మూడుపూటల తెల్లన్నమును, తీపిని, మద్యమును. జొన్నరొట్టె, కొఱ్ఱన్నము మన సీమకు క్రొత్తవి కావు గదా! పొగాకు మానుడు, నిత్యము నడువుడు. చక్కెర, రక్తపుపోటు, ఎల్‌డీఎల్ పరీక్ష చేయించుకొని, వైద్యుడు చెడు కొలెస్ట్రాలును తగ్గించు స్టాటిన్ మందు వ్రాసినచో మానకుడు. హెచ్‌డీఎల్ అంకెకై మాత్రలు కొనవలదు.