ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: పొటాషియం ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మా నాన్నగారికి క్రియాటినిన్ 3.2 ఉంది. బీపీకి మంచిదని తెలిసినవాళ్ళు లో సోడియం ఉప్పు వాడమంటున్నారు. వాడొచ్చా? (నంద్యాల)

జవాబు: వద్దు. అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం క్లోరైడు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి అది రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. మామూలు ఉప్పే తగ్గించి వాడండి. కొబ్బరినీళ్ళ సంగతీ అంతే.

ప్రశ్న: నాకు 56 ఏళ్ళు. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయి, ఒకటే నీరసం. పొటాషియం 2.9 వచ్చింది. నెలరోజులుగా సిరప్ తాగుతున్నా 3.1 దాటలేదు. బీపీకి నీటి మాత్ర కలిసిన బిళ్ళ వాడతాను. గ్యాస్ బిళ్ళ మామూలే, నాలుగేళ్ళుగా పరగడుపున ఒకటి. రోజుకు ఎన్ని అరటిపండ్లు తినాలి? (తెనాలి)

జవాబు: అరటిపండ్ల లెక్క తర్వాత చూద్దామమ్మా. ‘మామూలే’ అని రాశారే, మీ జబ్బు అక్కడుంది.

రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉండాలి. మీరు తాగిన సిరప్ ఒంటికి పడుతూనే ఉంది, మూత్రంలో పోతూనే ఉంది. కిడ్నీలోని సన్నని గొట్టాల చివరి భాగంలో, కణాల పొరలో, పొటాషియాన్ని మాత్రమే పోనిచ్చే దారులుంటాయి. వాటినే పొటాషియం ఛానళ్ళంటారు. అంతకంటే చిన్నదైన సోడియం ఆ దారిలో ఎందుకు పోలేదో 1998లో ఒక బాక్టీరియా ఛానల్ నిర్మాణంతో చూపించిన రోడరిక్ మెకిన్నన్‌కు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ కిడ్నీలోని ఛానల్‌ను అదుపులో పెట్టేది మెగ్నీషియం. కణం లోపలున్న మెగ్నీషియం అయాను ఆ రంధ్రంలోకి చేరి సీసాకు బిరడాలా అడ్డుపడుతుంది. మెగ్నీషియం తగ్గిందా, అడ్డు తొలగి పొటాషియం మూత్రంలోకి జారిపోతుంది. దానికి నీటి మాత్ర తోడైంది. అది గొట్టాల చివరికి సోడియాన్ని ఎక్కువగా పంపుతుంది. ఆ సోడియాన్ని ఒళ్ళు వెనక్కి తీసుకునేకొద్దీ పొటాషియం బయటికి పోతుంది.

మరి మెగ్నీషియం ఎందుకు తగ్గి ఉంటుంది? నీటి మాత్ర కొంత పోగొడుతుంది. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ రకం గ్యాస్ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో పేగులు మెగ్నీషియాన్ని సరిగా పీల్చుకోవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. తాము పరిశీలించిన కేసుల్లో సుమారు నాలుగో వంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా చాలలేదని, గ్యాస్ బిళ్ళే ఆపాల్సి వచ్చిందని చెప్పింది.

ఇంతకీ ఆ బిళ్ళ మీకెవరు రాశారు? ఎన్నాళ్ళకని రాశారు? ఏనాడో కొన్ని వారాలకు రాసిన చీటీ చిరిగిపోయినా బిళ్ళ మాత్రం ఆగదు. బజ్జీలు తిన్నామని ఒకటి, పెళ్ళిభోజనానికి ముందొకటి, ఊరెళ్ళే సంచిలో ఒక స్ట్రిప్. డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందును చాక్లెట్లలా కొంటున్నాం, పక్కింటావిడకూ పంచుతున్నాం. కడుపులో మంట ఎందుకొస్తోందో నాలుగేళ్ళుగా ఒక్కరైనా చూశారా? లోపల పుండుందో, తిండివేళలు తప్పాయో తెలియకుండా మంటను అణచడం వైద్యం కాదు.

ఈ వారంలోనే మీ డాక్టరును కలిసి గ్యాస్ బిళ్ళ సంగతి ముందు చెప్పండి. మెగ్నీషియం పరీక్ష విడిగా అడగండి. మామూలు సోడియం, పొటాషియం, క్లోరైడు పరీక్షలో అది ఉండదు. మామూలుగా వచ్చినా లోపం లేదని తేలినట్టు కాదు, ఎందుకంటే ఒంట్లోని మెగ్నీషియంలో రక్తద్రవంలో ఉండేది ఒక శాతం లోపే. ఈసీజీ తీయించండి. బీపీ బిళ్ళ సొంతంగా ఆపకండి. గుండె దడ, కళ్ళు తిరగడం, కాళ్ళు చేతులు పడిపోయినట్టుండటం ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్‌తో పాటు గ్యాస్ బిళ్ళ వాడేవారు ఇది చదివి మానేయకూడదు.

అరటిపండు ఒకటో రెండో తినండి. మీకు మందు మాత్రం అది కాదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మణికట్టు విరిగాక అమ్మకు కాల్షియం మాత్రలు రాశారు. కాల్షియం పొటాషియం ఛానళ్ళను తెరిచి గుండె ఆపేస్తుందని ఒక వీడియోలో చూసి భయమేసి మాన్పించాను. మంచిపనే చేశానా? (వరంగల్)

జవాబు: అమ్మ మీద బెంగతో చేశావు, అర్థమైంది నాయనా. కాల్షియం తగిలితే తెరుచుకునే పొటాషియం ఛానళ్ళు ఉన్నమాట నిజమే. రక్తనాళాల కండరంలో అవి తెరుచుకుంటే కండరం సడలుతుంది, అది ఒంటికి మేలే. వాటిని తెరిచేది కణం లోపలి కాల్షియం. విశ్రాంతిలో ఉన్న కణంలో అది బయటికంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. ఆ తేడాను కణం అనుక్షణం కాపాడుకుంటుంది. రక్తంలోని కాల్షియాన్ని పారాథైరాయిడ్ గ్రంథులు అదుపులో పెడతాయి. డాక్టరు రాసిన మోతాదులో మాత్ర వేసుకుంటే గుండె ఆగదు.

కానీ విరిగిన ఎముక అతుక్కోవాల్సిన మనిషికి మందు మాన్పించే ముందు, రాసిన డాక్టరుకు ఒక్క ఫోన్ చేయలేకపోయావా? వీడియో చేసినవాడు అమ్మ ఎక్స్‌రే చూశాడా? కిడ్నీలో రాళ్ళుంటే ఆ మాట డాక్టరుకు చెప్పు. లేకపోతే భోజనం కాగానే అమ్మకు మాత్ర మళ్ళీ మొదలుపెట్టు.